దుర్యోధనుడికి పొడిబట్టలు

"మరి వాడికేం కావాలే?" అని అడిగాను. ఫోన్లో అవతల కాసేపు మాట లేదు. "ఏం కావాలేంటి, వాడు చెడ్డవాడు, అంతే" అంది నా ఫ్రెండ్.

తన కొత్త నవల గురించే ఈ మాటలన్నీ. హీరోయిన్ బాగుంది, ఊరు ఇంకా బాగుంది. విలన్ మాత్రం వచ్చినప్పుడల్లా కళ్లెర్రజేసి వెళ్లిపోతున్నాడు.

నేను మయసభ గురించి చెప్పాను. దుర్యోధనుడు నేల అనుకుని నీళ్లలో పడటం, చుట్టూ నవ్వులు, ఇవన్నీ అందరికీ తెలిసినవే. నన్ను వదలనిది ఆ తర్వాతి ముక్క. ధర్మరాజు చెప్పగా అతనికి మంచి బట్టలు తెచ్చి ఇస్తారు. దయతో చేసిన పనే. కానీ నవ్విన వాళ్లింట్లో, వాళ్లిచ్చిన బట్టలు కట్టుకుని నిలబడాలి కదా!

హస్తినకు తిరిగి వెళ్తూ శకునితో అంటాడు: నిప్పుల్లో దూకుతాను, విషం తాగుతాను, నీళ్లలో మునుగుతాను, బతకలేను అని. జూదం మాట వచ్చేది ఆ తర్వాతే.

ఇక్కడ నాకు దుర్యోధనుడి మీద నిజంగా జాలేస్తుంది. ద్రౌపదిని సభకు ఈడ్పించిన చోట ఆ జాలి పిసరంత కూడా మిగలదు. కానీ ముందు జాలిపడ్డాను కాబట్టే అక్కడ భయం రెట్టింపవుతుంది.

అన్నట్టు, రాజసూయంలో వచ్చిన కానుకలు అందుకునే పని కూడా ఇతనికే అప్పగించారు. పుచ్చుకుని పుచ్చుకుని చేతులు ఆడలేదని తండ్రి దగ్గర వాపోతాడు. అసూయను ఇంతకన్నా బాగా ఎవరైనా రాసి ఉంటే చెప్పండి, వెంటనే చదువుతాను.