పాత ల్యాప్‌టాప్, కొత్త ట్రెజోర్: నాలుగు ఆదివారాల పని

మొదటి ఆదివారం

డబ్బా వచ్చి మూడు రోజులైంది, తీరిక దొరికేదాకా తెరవలేదు. ట్రెజోర్ సేఫ్ 3, అంటే బిట్‌కాయిన్ రహస్య కీలను ఇంటర్నెట్‌కి దూరంగా దాచే చిన్న పరికరం (హార్డ్‌వేర్ వాలెట్), ప్రాగ్‌లోని సతోషీల్యాబ్స్ తయారీ. చెక్ భాషలో ట్రెజోర్ అంటే ఇనప్పెట్టె. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల క్రిప్టో పోయిన రోజే, నా దగ్గరున్న కొద్దిపాటి బిట్‌కాయిన్‌ను ఎక్స్ఛేంజీలో ఉంచకూడదనుకున్నాను. ఇన్నాళ్లూ ఫోన్ వాలెట్‌తో నెట్టుకొచ్చాను.

పరికరాన్ని తయారీదారు సైట్‌లోని అమ్మకందారుల జాబితా చూసే కొన్నాను. సెకండ్ హ్యాండ్ ఊసే వద్దు. 2021లో లెడ్జర్ అనే ఇంకో వాలెట్ కంపెనీ కస్టమర్లు కొందరికి అడగకుండానే పోస్టులో నకిలీ పరికరాలు వచ్చాయి. అంతకుముందు ఏడాది ఆ కంపెనీ కస్టమర్ల ఇంటి చిరునామాలు లీకయ్యాయి.

యూఎస్‌బీ రంధ్రం మీది హోలోగ్రామ్ సీలు చెక్కుచెదరలేదు. దాన్ని అలాగే ఉంచి ముందు ల్యాప్‌టాప్ పని చూసుకున్నాను. ఉబుంటు 22.04 అనే లైనక్స్ కొత్తగా వేశాను. పరికరాన్ని వాడటానికి కావలసిన ట్రెజోర్ సూట్ యాప్ కోసం గూగుల్‌లో వెతకలేదు, ఎందుకంటే వెతికితే పైన వచ్చే ప్రకటనల్లో నకిలీ సైట్లు ఉంటాయి. అడ్రస్ నేనే టైప్ చేశాను. యాప్ ఫైలు, దాని సంతకం ఫైలు, సంతకం కీ మూడూ దించి, ఫైలు అసలుదేనా అని సంతకం తనిఖీ చేసే జీపీజీ ప్రోగ్రాంతో సరిచూశాను. ‘గుడ్ సిగ్నేచర్’ అని వచ్చింది, కిందనే ఈ కీకి నమ్మకమైన ధ్రువీకరణ లేదని ఒక హెచ్చరిక కూడా వచ్చింది. మొదట టెన్షన్ పడ్డాను. ఆ కీ నిజంగా సతోషీల్యాబ్స్‌దేనని నేను జీపీజీకి చెప్పలేదు కాబట్టే ఆ మాట. కీ వేలిముద్రను (ఆ కీని గుర్తించే అక్షరాల వరుసను) మరో ఫోన్‌లో తెరిచి అక్షరం అక్షరం పోల్చుకున్నాక మనసు కుదుటపడింది.

రెండో ఆదివారం

యాప్ తెరుచుకోలేదు. అది యాప్‌ఇమేజ్ రకం ఫైలు, ఉబుంటు 22.04లో అలాంటి ఫైళ్లకు కావలసిన పాత ఫ్యూజ్ లైబ్రరీ ముందుగా ఉండదు. అది వేశాక తెరుచుకుంది.

అప్పుడు సీలు తీసి, చేతికందిన ఫోన్ కేబుల్‌తో కలిపాను. పరికరం వెలిగింది కానీ యాప్‌కి కనబడలేదు. తగిలించిన యూఎస్‌బీ పరికరాలు చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ ఆదేశం కొట్టి చూస్తే ఆ జాబితాలో కూడా లేదు. అది చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్, అందులో డేటా తీగలు లేవు. కేబుల్ మార్చాక 1209తో మొదలయ్యే నంబరుతో వరుస కనబడింది, యాప్ మాత్రం ఇంకా ‘కలపండి’ అనే అంటోంది. లైనక్స్‌లో మామూలు యూజర్‌కి ఆ పరికరంతో మాట్లాడే అనుమతి ఉండదు. సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో, నడిపేస్తే పని జరగొచ్చు, కానీ డబ్బు చూసుకునే యాప్‌కి సిస్టమ్ మొత్తం మీద అధికారం ఇవ్వడం నాకు ఇష్టం లేదు. ఆ పరికరానికి మాత్రం అనుమతి ఇచ్చే ట్రెజోర్ వాళ్ల యూడెవ్ రూల్స్ ఫైలు వేసి, పరికరం తీసి మళ్లీ గుచ్చితే వెంటనే పట్టుకుంది. ఇంతకీ రెండు గంటలు పట్టింది.

కొత్త ట్రెజోర్‌లో ఫర్మ్‌వేర్ (పరికరాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఉండదు, మొదటిసారి కలిపినప్పుడు మనమే వేసుకోవాలి. ముందే ఫర్మ్‌వేర్ ఉందంటే ఎవరో తెరిచి వాడినట్టే అనుమానించాలి. నాదాంట్లో లేదు. ఫర్మ్‌వేర్ ఎక్కింది, లోపలి భద్రతా చిప్ అసలుదేనన్న పరీక్ష కూడా పాసైంది. ఆ రోజుకి అక్కడితో ఆపేశాను.

మూడో ఆదివారం

12 పదాల బ్యాకప్ ఎంచుకున్నాను. పరికరం పోయినా ఈ పదాలుంటే డబ్బు తిరిగి దొరుకుతుంది, ఇవి వేరే ఎవరి చేతిలో పడినా డబ్బు వాళ్లదే. సేఫ్ 3లో 20 పదాల కొత్త పద్ధతి కూడా ఉంది, కానీ రేపు ఈ కంపెనీ లేకపోయినా వేరే వాలెట్లు చదవగలిగే పాత బిప్39 పద్ధతే నాకు నమ్మకం. పదాలు పరికరం తెరమీదే వస్తాయి, కంప్యూటర్‌కి తెలియవు. గదిలో ఫోన్ లేకుండా చూసుకుని కాగితం మీద పెన్సిల్‌తో రాశాను.

“ఒక ఫోటో తీసి పెట్టుకుంటే అయిపోయేదిగా అన్నా?” అన్నాడు తమ్ముడు. ఆ ఫోటో అప్పటికప్పుడే క్లౌడ్‌కి ఎక్కుతుందిరా అన్నాను. ఇంత కష్టపడి కంప్యూటర్‌కి చెప్పని మాటను ఫోన్‌కి ఎందుకు చెప్పాలి?

కాగితం తడిస్తే పోతుంది కాబట్టి స్టీలు మీద వేయాలనుకున్నాను. మన ఇళ్లలో గిన్నెల మీద పేర్లు కొట్టించుకుంటాం కదా, ముందు ఆ కొట్టే గుర్తొచ్చింది. కానీ కొట్టేవాడికి ఒక్క పదమైనా చూపించకూడదు. అందుకని హార్డ్‌వేర్ షాపులో అక్షరాల పంచ్‌ల సెట్టు, చిన్న స్టీలు పలక కొన్నాను. ఆ పన్నెండూ వచ్చే బిప్39 జాబితాలోని 2048 ఇంగ్లీషు పదాల్లో ఏ రెండింటికీ మొదటి నాలుగు అక్షరాలు ఒకేలా ఉండవు, కాబట్టి పదానికి నాలుగు చాలు. మొత్తం 48కి మించవు. పలక కింద పేపర్లు మడిచి వేసి కొట్టినా పక్కింటి పెద్దమ్మగారు వచ్చి ఏం కడుతున్నావు నాయనా అని అడిగారు.

నాలుగో ఆదివారం

బ్యాకప్ నిజంగా పనిచేస్తుందో చూడటానికి, డబ్బు వేయకముందే ట్రెజోర్‌ను పూర్తిగా చెరిపేశాను. మొదటి బిట్‌కాయిన్ అడ్రస్‌ను (అకౌంట్ నంబరు లాంటిది) ముందే నోట్‌బుక్‌లో రాసుకుని, తర్వాత స్టీలు పలక చూస్తూ పదాలను పరికరం బటన్లతోనే ఎక్కించాను. ఏడో పదం దగ్గర ఆగాను. ఐ, ఎల్ ఒకేలా పడ్డాయి. కాగితంతో సరిచూసి ఆ అక్షరం పక్కన గుర్తు కొట్టాను. చివరికి అదే అడ్రస్ వచ్చింది. ఈ పరీక్ష చేయకపోయి ఉంటే ఆ గందరగోళం ఏ ఆపదలోనో బయటపడేది.

తర్వాత ఫోన్ వాలెట్ నుంచి చాలా చిన్న మొత్తం పంపాను. పంపే ముందు 42 అక్షరాల అడ్రస్‌ను ట్రెజోర్ తెరమీది దాంతో మొత్తం పోల్చాను. కాపీ చేసిన అడ్రస్‌ను దొంగ అడ్రస్‌తో మార్చేసే వైరస్‌లున్నాయి. మొదలు, చివర కలిసేలా అడ్రస్‌లు తయారు చేసేవాళ్లూ ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో బైబిట్ ఎక్స్ఛేంజీ నుంచి దాదాపు 150 కోట్ల డాలర్లు పోయినప్పుడు లావాదేవీకి ఆమోద సంతకాలు చేసినవాళ్ల చేతుల్లో హార్డ్‌వేర్ వాలెట్లే ఉన్నాయి. కంప్యూటర్‌లో కనిపించింది ఒకటి, సంతకం పడింది ఇంకోదాని మీద. ఆ సంగతి చదివాకే పరికరం తెరను నిదానంగా చదవడం అలవాటు చేసుకున్నాను.

ఇరవై నిమిషాలకి మొదటి కన్ఫర్మేషన్ (బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లో లావాదేవీ నమోదైందన్న గుర్తు) వచ్చింది. అందులో సగం ఫోన్‌కి వెనక్కి పంపి చూశాను. మొత్తం, ఫీజు, అడ్రస్ మూడూ పరికరం మీద చదివాకే బటన్ నొక్కాను. సరిగ్గా చేరింది.

మిగతాదంతా వచ్చే ఆదివారం ఒకే విడతలో పంపుతాను. పలకను ఇంట్లో ఒక చోట, ట్రెజోర్‌ను వేరే చోట పెట్టాను. కాగితం ఇప్పుడే పొయ్యిలో వేశాను.