గనొండాగన్‌లో శరదృతువు

ఆకులు ఎర్రబారే ఈ రోజుల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని విక్టర్ దగ్గరున్న గనొండాగన్‌కు వెళ్లాను. 1687లో ఫ్రెంచి సైన్యం నాశనం చేసిన సెనెకా జాతివారి పట్టణం ఉన్న చోటనే, సెనెకాలు కూడా ఉన్న ఆరు అమెరికా ఆదివాసీ జాతుల సమాఖ్య అయిన హోదెనొషోనీ ప్రజల కళకు నెలవుగా 2015లో ఒక సాంస్కృతిక కేంద్రాన్ని తెరిచారు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది పూసల కుట్టుపని. దారానికి చోటుకు మించి పూసలు ఎక్కించి కుట్టడం వల్ల ఆ వరుస విల్లులా వంగి, ముఖమలు గుడ్డ మీద పువ్వులు, ఆకులు నిజంగానే ఉబ్బి పైకి లేస్తాయి.

బయట చెట్టు బెరడుతో కప్పిన పొడవాటి ఇల్లు కూడా ఉంది. బతికున్న జాతుల కళను అంతరించినవారి ఆనవాలుగా అద్దాల పెట్టెల్లో చూపించడం నాకెప్పుడూ బాధగానే ఉంటుంది. ఇక్కడైతే ఆ కళాకారులు మన కాలంవారే, వారి తాతముత్తాతల తెల్ల మొక్కజొన్నను నేటికీ పిండి పట్టి అమ్ముతున్నారు.