బతికి బట్టకట్టిన మనిషి ఊరికి

హనుమకొండ బస్టాండులో ఎక్కవలసిన పొద్దుటి బస్సు నా కళ్ళముందే కదిలిపోవడంతో, స్టేషన్ ఘనపూర్ వరకు ఒక బస్సులో, అక్కడ గంటన్నర పడిగాపులు పడ్డాక పాలకుర్తి వరకు మరో బస్సులో వెళ్ళవలసి వచ్చింది. అక్టోబరు మొదటి వారం కావడంతో దారి పొడుగునా వరి ఈనుతూ ఉంది. మెట్ట చేలలో పత్తి అక్కడొక కాయ, ఇక్కడొక కాయ పగులుతోంది. తెలంగాణ రైతాంగ పోరాట కాలంలో దొరకు ఎదురు నిలిచిన చిట్యాల ఐలమ్మ పేరు చదువుకునే రోజుల నుండి వింటూ వచ్చినవాణ్నే అయినా, పూట ప్రయాణం కూడా లేని ఆమె ఊరికి వెళ్ళడానికి నాకు అరవై ఏళ్ళు పట్టింది.

ఇప్పుడైనా వెళ్ళానంటే అది మా అన్నగారి మనుమరాలి చలవే. సెప్టెంబరు 26న ఐలమ్మ జయంతికి బడిలో మాట్లాడాలంటూ నా దగ్గరికి వచ్చిన ఆ ఏడో తరగతి పిల్ల, నేను చెప్పినదంతా రాసుకున్నాక, “తాతా, దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు చనిపోయిండు కాబట్టి అమరుడు. ఐలమ్మ చనిపోలేదు గదా, మరి ఆమెకు విగ్రహం ఎందుకు పెట్టిండ్రు?” అని అడిగింది. ఏదో చెప్పి పంపించాను గాని, ఆ చెప్పినది నాకే రుచించలేదు. ప్రాణం ఇచ్చినవాణ్ని అమరుడంటాం. ప్రాణం నిలుపుకున్నదానికి మన భాషలో దొరికే మాట “బతికి బట్టకట్టింది” అన్నది మాత్రమే. ఆ మాటలో ఎంతో కొంత అదృష్టమే వినిపిస్తుంది గాని ఘనత వినిపించదు.

పాలకుర్తిలో విగ్రహం దగ్గర ఆగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. జయంతినాటి బంతిపూల దండలు ఇంకా మెడలోనే ఉన్నాయి. పూలు ఎండి నల్లబడి, పురికొస మాత్రం కొత్తగా మెరుస్తోంది. పక్కనే చెప్పులు కుట్టుకుంటున్న ఒక పెద్దాయనను, ఆమెను ఎప్పుడైనా చూశారా అని అడిగాను. “చూడకేంది బిడ్డా, 1985 దాక ఉన్నది గదా. అందరి లెక్కనే ఉండేది,” అన్నాడు, సూది పైకి లాగుతూ. అంతకుమించి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. “అందరి లెక్కనే” అన్న మాట మాత్రం ఆ రోజంతా నన్ను వదలలేదు.

జరిగిన కథ ఇక్కడి వాళ్ళకు కొత్తది కాదు. చాకలి కుటుంబాలు దొరల ఇళ్ళలో, ఊరి అధికారుల ఇళ్ళలో కూలి లేకుండా బట్టలుతికి, అంట్లు తోమే వెట్టి నడుస్తున్న కాలంలో, ఐలమ్మ మల్లంపల్లి దొర దగ్గర నలభై ఎకరాలు కౌలుకు తీసుకుని, అందులో నాలుగు ఎకరాలు సాగులోకి తెచ్చింది. రేవుకు పోవలసిన మనిషి కౌలుదారు కావడం ఊరి భూమి లెక్కలు చూసే పట్వారీకి మింగుడుపడలేదు. ఆమె సంఘంలో, అంటే వెట్టినీ దొరల పెత్తనాన్నీ ఎదిరిస్తున్న ఆంధ్ర మహాసభలో చేరడం, ఆ ప్రాంతపు పెద్ద దొర విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి అసలే సరిపడలేదు. ఉద్యమ చరిత్రలు ఆ దేశ్‌ముఖ్ కింద 40,000 ఎకరాలు ఉన్నట్టు లెక్క చెబుతాయి. అంత భూమి ఉన్నవాడు నాలుగు ఎకరాల పంట కోసం గూండాలను పంపాడంటే, అతనికి కావలసింది వడ్లు కావని చెప్పనక్కర్లేదు. భీంరెడ్డి నరసింహారెడ్డి వంటి నాయకులతో కలిసి సంఘం కార్యకర్తలు పొలంలో దిగి, పంట కోసి, ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఆ తరువాత కేసులు వచ్చాయి, భర్తా కొడుకులూ జైలు పాలయ్యారు, ఇల్లు తగులబడింది. గింజలు మాత్రం దొర గడికి చేరలేదు.

కష్టాలు పడ్డందుకే ఆమెను నెత్తిన పెట్టుకున్నారని నేను చాలాకాలం అనుకున్నాను. కాని ఆ రోజుల్లో కష్టపడనిది ఎవరు? వెట్టి చేసిన ప్రతి ఇంట్లోనూ చెప్పుకోదగిన కథ ఒకటి ఉండే ఉంటుంది. వాటిలో చాలావాటిని కన్నబిడ్డలకు కూడా ఎవరూ చెప్పలేదు. బాధ ఒక్కటే మనిషిని పెద్ద చేసేదైతే తెలంగాణ పల్లెల్లో విగ్రహాలకు చోటు చాలేది కాదు. ఐలమ్మ విషయంలో వేరుగా జరిగిందేమిటంటే, చుట్టుపక్కల ఊళ్ళలో కౌలు చేసుకునేవాళ్ళు ఆ ధాన్యం ఇంటికి చేరడం చూశారు, లేదా విన్నారు. దొర అడ్డుపడ్డా పంట ఇంటికి వస్తుందన్నది అంతకుముందు వాళ్ళకు అనుభవంలో లేని సంగతి. స్వరాజ్యం, రాజ్యాధికారం వంటి పెద్ద మాటలు అందరికీ అందకపోవచ్చు గాని, “ఐలమ్మ వడ్లు ఐలమ్మ ఇంటికే పోయినయి” అన్న మాట పొలంలో దిగిన ప్రతి మనిషికీ అర్థమవుతుంది. ఆమె ధైర్యంలో సగం పొలంలో దిగి కొడవలి పట్టినవాళ్ళదని కూడా నాకు అనిపిస్తుంది. ఒంటరిగా ఎదిరించి ఉంటే ఆమె పేరు మనదాకా వచ్చేదో లేదో.

ఎండ తగ్గాక సోమేశ్వరస్వామి గుట్ట ఎక్కాను. పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు ఈ ఊరివాడే. ఆయన బసవపురాణంలో, రాజు బిజ్జలునికి తలవంచని మడివాలు మాచయ్య కథ ఉంది. మాచయ్యదీ చాకలి వృత్తే. ఏడు వందల ఏళ్ళ ఎడంలో ఒకే ఊరు ఒక చాకలి కథ రాసి, ఇంకొక చాకలిని కన్నట్టు కనిపించడం కాకతాళీయమే కావచ్చు. పైగా ఐలమ్మ పుట్టింది రాయపర్తి దగ్గరి కృష్ణాపురంలో, ఇది ఆమె మెట్టినూరు. అయినా మాచయ్యకు శివుడి అండ ఉంది, మహిమలున్నాయి. ఐలమ్మకు ఉన్నవి కౌలు ఒప్పందమూ, సంఘపోళ్ళ గుత్ప కర్రలూ. పూజకు మాచయ్యే సులువు.

గుట్ట దిగాక ఒక పరిచయస్థుడి బండి మీద విసునూరు మీదుగా కడవెండికి వెళ్ళాం. 1946 జూలై 4న ఊరేగింపుగా పోతున్న జనం మీద దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య నేలకొరిగింది ఇక్కడే. స్తూపం ముందు నిలబడితే నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ఐలమ్మ విగ్రహం దగ్గర అలా జరగలేదన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చి కొంచెం సిగ్గేసింది. కొమరయ్యకు ఆ సాయంత్రంతో కథ ముగిసింది. ఐలమ్మకు మరునాడు పొద్దున లేచి, కాలిన ఇంటి ముందు పొయ్యి వెలిగించవలసిన పని మిగిలింది. 1948లో నిజాం పాలన పోయింది, 1951లో సాయుధ పోరాటం ఆగింది, ఆమె మాత్రం ఆ ఊళ్ళోనే, తనకు మేలు చేసినవాళ్ళ మధ్య, కీడు తలపెట్టినవాళ్ళ మధ్య, 1985 సెప్టెంబరు 10 దాకా బతికింది. మన విగ్రహాలన్నీ ఆమెను పంట కోసిన నాటికే నిలబెడతాయి. తరువాతి నలభై ఏళ్ళు ఎలా గడిచాయని అడిగినవాళ్ళు తక్కువ. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టినప్పుడు సంతోషించినవాళ్ళలో నేనూ ఒకణ్ని. అయితే ఇంటిపేరు చిట్యాల అని ఉండగా, అక్కడ కూడా ముందు నిలిచింది చాకలి అన్న కులం పేరే. ఆ పేరును గర్వంగా చెప్పుకునేవాళ్ళు ఉన్నారని తెలుసు, వాళ్ళ కారణాలూ తెలుసు. అయినా దొర పేరు ముందు అతని ఊరు వస్తుంది, ఈమె పేరు ముందు వృత్తి వస్తుంది.

తిరిగి వస్తూ పాలకుర్తి పొలిమేరలో బండి ఆపించాను. ఆ నాలుగు ఎకరాలు ఎక్కడివో తెలిపే బోర్డు నాకెక్కడా కనిపించలేదు. రోడ్డు పక్క పొలం గట్టు మీద ఒకావిడ బర్రెకు గడ్డి కోస్తోంది. వరి బాగా ఈనింది, ఎవరిదమ్మా ఈ పొలం అని పలకరించాను. “పట్టా వేరేటోళ్ళది సార్, మేం కౌలుకు చేస్తున్నం,” అని, నా చేతిలోని నోటుపుస్తకం వైపు చూసి, “కౌలోళ్ళ పేర్లు రాసుకపోను వచ్చిండ్రా?” అని అడిగింది. 2018లో వచ్చిన రైతుబంధు కౌలుదార్లకు వర్తించలేదన్నది ఆమెకు నాకంటే బాగా తెలుసు. ఆ గొంతులో ఆశ కంటే అలవాటే ఎక్కువగా ఉంది. కాదమ్మా, ఐలమ్మ ఊరు చూద్దామని వచ్చానన్నాను.

“ఐలమ్మదా? ఆమెది గుడ కౌలే గద సార్,” అని, కోసిన గడ్డిని మోకాలికింద అదిమి మోపు కట్టడంలో పడిపోయింది.