1.4 అని రాసిన సీసా

మంగళవారం, రాత్రి.

ఎండాకాలం నీళ్ల నమూనాలు మొదలయ్యాయి. పొద్దున్నే ల్యాబులో బల్ల మీద పన్నెండు సీసాలు, ఈసారి అన్నీ ప్లాస్టిక్‌వే. ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసా పనికిరాదు. సీసా మీద ఏ బోరు, ఎంత లోతు, ఏ తేదీ అన్నవి సరిగ్గా రాసి ఉంటే సగం పని అయినట్టే.

తొమ్మిదో సీసాలో లీటరుకు 1.4 మిల్లీగ్రాములు వచ్చింది. రిజిస్టర్లో దీని పక్కన ‘అనుమతించదగినది’ అని పడుతుంది. మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెప్పేది మాత్రం వేరు: 1 మిల్లీగ్రాము దాకా తాగొచ్చు, వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 దాకా ఓర్చుకోవచ్చు. ఫైల్లోకి 1.4 వెళ్తుంది, షరతు ఇక్కడే ఉండిపోతుంది. ఆఫీసులో రెండు లీటర్లు తాగే మనిషికి ఈ నీళ్లతో రోజుకు 2.8 మిల్లీగ్రాములు అందుతాయి. మే నెలలో చేలో పనిచేస్తూ ఐదు లీటర్లు తాగే కూలీకి 7 మిల్లీగ్రాములు. ఇద్దరికీ ఒకే మాట రాయడం నాకు మనస్కరించదు.

తెలియక జరిగింది కాదు ఇదంతా. అప్పటి నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగుసుకుపోయే ఫ్లోరోసిస్ జబ్బుకు నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్ కారణమని 1937లోనే వైద్య పత్రికలో వచ్చింది. నల్గొండ జిల్లాలో మోకాళ్లు లోపలికి వంగిపోతున్న పిల్లల గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో రాశారు. అదే దశాబ్దంలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) తయారుచేసిన శుద్ధి పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు.

ఆ పద్ధతి చూడ్డానికి వంటింటి పనిలా ఉంటుంది. 40 లీటర్ల బకెట్టు, అడుగు నుంచి మూడు నాలుగు సెంటీమీటర్ల పైన కుళాయి. ముందు సున్నం, చిటికెడు బ్లీచింగ్ పౌడరు, ఆ తర్వాత పటిక. ఒక నిమిషం గబగబా, పది నిమిషాలు నెమ్మదిగా కలిపి, గంటసేపు కదపకుండా వదిలి, పైన తేరిన నీళ్లు పట్టుకోవాలి. లీటరుకు ఫ్లోరైడ్ 3, క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) 300 మిల్లీగ్రాములు ఉన్న నీళ్లకు లీటరుకు సుమారు 350 మిల్లీగ్రాముల పటిక, అంటే బకెట్టుకు 14 గ్రాములు. సున్నం అందులో ఇరవయ్యో వంతు, ముప్పావు గ్రాము కూడా ఉండదు. కిరాణా తక్కెడలో అది తూగదు. అందుకే ముందుగా ద్రావణం చేసిపెట్టుకుని కొలగ్లాసుతో పోయాలి: పది శాతం పటిక నీళ్లయితే 140 మిల్లీలీటర్లు.

చిక్కంతా ఆ కొలతలోనే. ఎండాకాలంలో బోరు నీళ్ల ఫ్లోరైడ్, క్షారత రెండూ మారతాయి, మోతాదు కాగితం మాత్రం గోడ మీద పాతదే ఉంటుంది. పటిక తగ్గితే ఫ్లోరైడ్ మిగులుతుంది. ఎక్కువైతే నీళ్లు ఆమ్లంగా మారి, అల్యూమినియం కరిగి ఉండిపోతుంది. ఆ అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టుకుని కూర్చుంటుంది కాబట్టి, రంగు చూసి చేసే పరీక్షలో అసలున్న దానికన్నా తక్కువ చూపిస్తుంది. ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ పెట్టే ముందు, ఆ పట్టు విడిపించే టిసాబ్ ద్రావణం సమానంగా కలపాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ఇక అడుగున చేరిన మడ్డి. అందులో తీసేసిన ఫ్లోరైడంతా ఉంటుంది. దాన్ని బావి గట్టునే పారబోసిన చోట్లున్నాయి.

రోజూ ఎవరో ఒకరు కొలవాల్సిన పథకం రాసేటప్పుడు, ఆ కొలిచే మనిషికి జీతం, సెలవు రోజున బదులు మనిషి, పటిక నిల్వ కూడా రాయాలి. ప్రయోగశాల ఇచ్చిన పద్ధతి సరైనదే. ఆదేశంలో బకెట్టు చేరింది, మనిషి చేరలేదు.

2016లో గజ్వేల్ దగ్గర కోమటిబండలో తెలంగాణ ఇంటింటి తాగునీటి పథకం మిషన్ భగీరథ మొదలయ్యాక నది నీళ్లు పైపుల్లో ఊళ్లకు వచ్చాయి. నీళ్లే మార్చడం, కొలతలు నేర్పడం కన్నా గట్టి పని. దీన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ పైపు పగిలిన నాలుగు రోజులు ఊరు మళ్లీ పాత బోరుకే వెళ్తుంది. తాగడానికి క్యాను నీళ్లు కొని, పప్పు, అన్నం బోరు నీళ్లతోనే వండుతారు. కాచితే పోతుందనుకుంటారు, కాచినకొద్దీ నీళ్లు తగ్గి ఫ్లోరైడ్ చిక్కబడుతుంది.

సాయంత్రం తొమ్మిదో సీసా కాగితం మీద ‘అనుమతించదగినది’ అని ఊరుకోలేదు. కింద ఇంకో మూడు ముక్కలు రాశాను: ఊళ్లో పైపు నీళ్లు ఉన్నాయి కాబట్టి 1.5 సడలింపు ఈ బోరుకు వర్తించదు; సరఫరా ఆగిన రోజుల్లో ట్యాంకరు పంపాలి; బోరుకు ఎర్ర రంగు వేసి, వంటకూ వాడొద్దని తెలుగులో రాయించాలి. వానలు పడ్డాక అదే బోరు నుంచి మళ్లీ సీసా అడిగాను.