స్పీకర్ మూగబోయిన పూట

జిమ్‌లో, కదలని సైకిళ్ల మీద పాటలు పెట్టి నేను తొక్కించే క్లాసు. మూడో పాట మధ్యలో స్పీకర్ ఆగిపోయింది. అందరూ రెసిస్టెన్స్ (పెడల్ బిగువు) పెంచి, కూర్చునే కొండెక్కుతున్నట్టు తొక్కుతున్నారు. ఒక్కసారిగా సైకిళ్ల బరువు చక్రాలు గుయ్‌మనే చప్పుడు, రొప్పులు, అంతే.

టెన్షన్‌తో నా సైకిల్ దిగి మధ్యలోకి వెళ్లా. చప్పట్లు కొడుతూ "కుడి... కుడి... కుడి" అని లెక్క. నిమిషానికి 65 చుట్లు, అటూ ఇటూగా.

అప్పుడు కనబడింది. వెనక వరస ఆంటీ పెడల్ అడుక్కి వచ్చినా మోకాలు బాగా వంగే ఉంది. సీటు రెండు గీతలు కిందుంది! మూడు వారాలుగా ముందువైపు మోకాలి నొప్పి అంటున్నారావిడ. నేనేమో స్టేజీ మీంచి "కమాన్ ఆంటీ" అని అరుస్తున్నా.

సీటు తుంటి ఎత్తుకి లేపి ఎక్కించా. నాలుగు చుట్లు తొక్కి నావైపు చూశారు.

"పాటలు లేకపోతేనే నయమమ్మా, కిందికి దిగొస్తావు."