పాముకాటు క్లెయిమ్: ల్యాబ్ రిపోర్టులో విషం లేదంటే

కళ్యాణదుర్గం దగ్గర శెనక్కాయ చేలో పాము కరిచి మా చిన్నాన్న పోయినాడు. ప్రమాద బీమా ఉంది, నామినీ మా పిన్ని. కాగితాల పని నేను చూసినాను. ‘విసెరాలో (పోస్ట్‌మార్టంలో తీసి ల్యాబుకు పంపే లోపలి అవయవాల్లో) విషం దొరకలేదు, ప్రమాద మరణం రుజువు కాలేదు’ అని కంపెనీ క్లెయిమ్ తిప్పికొట్టింది.

ఈ కారణానికి బెదిరిపోనక్కర్లేదు. విసెరాలో ల్యాబు మామూలుగా వెతికేది పురుగుమందు, మద్యం లాంటివాటిని. పాము విషం ప్రోటీను, ఆ పరీక్షలకు చిక్కదు. అసలు సాక్ష్యం ఆసుపత్రి కేస్ షీట్‌లో ఉంటుంది: చీలమండ పైన రెండు కోరల గాట్లు, 20 నిమిషాలైనా గడ్డకట్టని రక్తం, ఎక్కించిన 10 వయల్స్ యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు మందు), అన్నీ టైముతో సహా. డెత్ సమ్మరీ ఒక్కటే చేతిలో పెడతారు. మొత్తం కేస్ షీట్ కాపీ కావాలని అర్జీ రాసివ్వాలి.

చాలామంది వదిలేసేది ఇంకొకటుంది. పోస్ట్‌మార్టం డాక్టరు ‘ల్యాబ్ రిపోర్టు వచ్చాక అభిప్రాయం’ అని ఆపుతాడు. ఆ రిపోర్టు స్టేషన్‌లోనే పడుంటుంది. ఎస్సై దాన్ని డాక్టరుకు పంపి, కేస్ షీట్ కూడా చూపించి, తుది అభిప్రాయం రాయించాలి. వెంటపడకపోతే ఫైలు కదలదు. ఎఫ్ఐఆర్, శవ పంచనామా కాపీలు కూడా అప్పుడే తీసుకుంటే మేలు.

హైదరాబాదులో బీమా ఫిర్యాదులు తీర్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్ ఉంటాడు. అక్కడ ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు. ముందు కంపెనీకి ఫిర్యాదు రాయాలి. తిరస్కరించిన ఏడాదిలోగా అక్కడికి వెళ్లాలి. డాక్టరు అఫిడవిట్ పెట్టాల్సిన కేసు కాబట్టి మేము అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌కే పోయినాము. గడువు 2 ఏళ్లు. ఫిర్యాదుదారు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. ఫీజు లెక్కగట్టేది కట్టిన ప్రీమియం మీద, అడిగే సొమ్ము మీద కాదు. 5 లక్షల దాకా ఏమీ లేదు.

జవాబు వేయడానికి కంపెనీకి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. అందులో కొత్త పాట ఎత్తుకున్నారు: సమాచారం ఆలస్యంగా ఇచ్చారని. తిరస్కరణ లేఖలో ఆ మాటే లేదు. లేఖలో లేని కారణాన్ని తర్వాత తేకూడదని 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ ఇదే ఆలస్యం గురించి. అందుకే ఆ లేఖ ఒరిజినల్, వచ్చిన కవరుతో సహా దాచిపెట్టాలి.

ఆర్డర్ మనవైపు వస్తే కంపెనీకి అప్పీలు గడువు 45 రోజులు. సగం సొమ్ము డిపాజిట్ చేయకుండా రాష్ట్ర కమిషన్ ఆ అప్పీలును తీసుకోదు.