పొదలకూరు నుంచి కోయంబేడుకు: పికప్ మైలేజీ పెంచుకున్న నా అనుభవం

పొదలకూరు నుంచి చెన్నై కోయంబేడు మార్కెట్టుకు తోలే నిమ్మకాయల లోడుకు కిరాయి ముందే మాట్లాడుకుంటాం. టోలు మారదు, హమాలీ కూలి మారదు. బండి తోలేవాడి చేతిలో ఉండేది డీజిల్ ఖర్చు ఒక్కటే. అందుకే పాత బొలెరో పికప్ కొన్న దగ్గర్నుంచి మైలేజీ సంగతి తేలేదాకా వదలకూడదని పట్టుకుని కూర్చున్నాను.

ఈ బండి నా దగ్గరికి రాకముందు ముత్తుకూరు వైపు రొయ్యల ట్రేలు తోలింది. ఇంజన్ బాగుంది, నల్లపొగ లేదు, పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. అయినా లీటరుకు 8.7 మించి రావడం లేదు. అదే రోడ్డులో, అదే లోడుతో తిరిగే మా వాళ్ల బండ్లు 11, 12 ఇస్తున్నాయి. నెల్లూరులో ఒక షెడ్డులో చూపిస్తే, బండి కింద తొంగి చూడకుండానే ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు నాలుగూ మార్చాలన్నారు. అంత డబ్బు పెట్టే ముందు డీజిల్ ఎక్కడ పోతోందో నేనే తేల్చుకోవాలనుకున్నాను.

ముందు లెక్క సరిగ్గా ఉండాలి. తడ దాటి ఆరంబాకం దగ్గర తమిళనాడు మొదలవుతుంది. అక్కడ డీజిల్ మన దగ్గరకంటే లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ, మా వైపు బండ్లన్నీ అక్కడే కొట్టించుకుంటాయి. నేను ఒకే బంకు, ఒకే పంపు పెట్టుకున్నాను. గన్ టక్కున ఆగిన చోటే ఆపమంటాను, ఆ పైన ఒక్క చుక్క కూడా వేయనివ్వను. మళ్లీ అదే పంపు దగ్గర నింపినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగిస్తే అసలు సంగతి తెలుస్తుంది. పోను, రాను కలిపే లెక్క వేయాలి. పోయేటప్పుడు నిండు లోడు, వచ్చేటప్పుడు ఖాళీ సంచులో, చిల్లర సరుకో. పైగా జూన్, జూలైలో నైరుతి గాలి చెన్నై పోయేటప్పుడు ఎదురు కొడుతుంది, తిరుగు ప్రయాణంలో వెనక నుంచి తోస్తుంది. ఒకవైపు లెక్క చూసి సంబరపడటం, దిగులుపడటం రెండూ దండగే.

లెక్క మొదలుపెట్టగానే ఒక విషయం బయటపడింది. హైవే మీద కిలోమీటరు రాళ్లతో పోల్చి చూస్తే, 50 కిలోమీటర్ల దూరానికి బండి మీటరు 48 మాత్రమే చూపిస్తోంది. కారణం టైర్లు. కంపెనీ సైజు 215/75 ఆర్15 అయితే, పాత ఓనరు 235/75 ఆర్15 వేయించాడు. పెద్ద చక్రం ఒక్క చుట్టుకు నాలుగు శాతం దాకా ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు. అంటే నా 8.7 నిజానికి 9.1. ఊరట అంతవరకే, ఎందుకంటే పెద్ద టైరుతో గేర్లన్నీ బరువెక్కుతాయి. లోడుతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు టాప్ గేరులో లాగాల్సిన బండి నాలుగో గేరు అడుగుతుంది.

అసలు దొంగ మాత్రం వెనక ఎడమ చక్రంలో దొరికాడు. ఒకరోజు చెన్నై నుంచి వచ్చి బండి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. ఎడమ వెనక బ్రేకు డ్రమ్ము దగ్గర మాత్రం సెగకు చెయ్యి నిలవలేదు. మా వీధి చివర పాత మెకానిక్ అన్న ఒకాయన ఉన్నాడు, ఆయన దగ్గరికి తీసుకుపోయాను. జాకీ ఎత్తి, న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేక్ దించి, చేత్తో తిప్పి చూశాడు. కుడి చక్రం చెయ్యి తీశాక కూడా తిరిగి ఆగింది. ఎడమది చెయ్యి తీయగానే ఆగిపోయింది. "అబ్బయ్యా, బ్రేకు పట్టకోని ఉంది. నువ్వు బ్రేకు తొక్కి బండి తోల్తా ఉండావు" అన్నాడు.

డ్రమ్ము విప్పితే లైనర్ ఒకవైపు అద్దంలా మెరుస్తోంది, డ్రమ్ము లోపలి అంచు వేడికి నీలం తిరిగింది. రొయ్యల ట్రేల నుంచి ఉప్పునీళ్లు ఏళ్ల తరబడి కారి హ్యాండ్‌బ్రేక్ కేబుల్ దాని తొడుగులోనే తుప్పుపట్టి బిగుసుకుపోయింది. లీవర్ దించినా కేబుల్ వెనక్కి రావడం లేదు. రిటర్న్ స్ప్రింగ్ సాగిపోయింది. కేబుల్, స్ప్రింగులు, లైనర్లు రెండువైపులా మార్పించాను. ఇంజెక్టర్ల ఖర్చులో ఇది ఒక మూలకు రాదు. తర్వాతి లెక్కల్లో మైలేజీ 10 దాటింది. ఆక్వా సరుకు తోలిన పాత బండి కొనేవాళ్లు ఇంజన్ కంటే ముందు ఇది చూసుకోవాలని గట్టిగా చెప్తాను. మైలేజీ సంగతి అటుంచితే, పట్టేసిన బ్రేకు లోడు మీద ప్రాణాలకే ప్రమాదం.

గాలి గురించి అందరికీ తెలిసినట్టే ఉంటుంది, కానీ కొట్టించే సమయం ఎవరూ పట్టించుకోరు. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. హైవే మీద తిరిగాక వేడికి ప్రెషర్ పెరుగుతుంది, అప్పుడు ఎక్కువుందని తీసేస్తే తెల్లారేసరికి తక్కువైపోతుంది. కంపెనీ చెప్పిన లెక్కలో ముందు చక్రాలకు ఒకటి, లోడున్న వెనక చక్రాలకు ఒకటి ఉంటుంది. పంచర్ షాపు మీటర్లు ఒక్కోటి ఒక్కోలా చూపిస్తాయి కాబట్టి సొంతంగా ఒక గేజ్ కొనుక్కున్నాను. సైదాపురం మీదుగా గూడూరు పోయే దారిలో మైకా, క్వార్ట్జ్ గనుల లారీల దుమ్ము బాగా లేస్తుంది, అందుకని ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో రాసిన గడువుకంటే ముందే విప్పి చూస్తాను.

క్యాబిన్‌ను మించి ఎత్తుగా ట్రేల కోసం పెట్టిన ఇనుప ఫ్రేము పీకించేశాను. ఒక లూజు, అంటే నిమ్మకాయల బస్తా, 80 కిలోలు, పదహారు లూజులు పేర్చినా ఆ ఎత్తు అవసరం రాదు. పట్టా కూడా కొట్టుకోకుండా తాడు బిగించి కడతాను. ఖాళీగా వచ్చేటప్పుడు వెనక డోరు దించితే గాలి అడ్డం తగ్గుతుందని కొందరంటారు. పికప్‌లో అది తిరగబడుతుంది. డోరు మూసి ఉంటే తొట్టిలో గాలి సుడి తిరుగుతూ నిలబడుతుంది, పైన వచ్చే గాలి దాని మీదుగా జారిపోతుంది. డోరు తెరిస్తే ఆ సుడి చెదిరి బండిని వెనక్కి లాగడం ఎక్కువవుతుంది.

అన్నిటికంటే ఎక్కువ ఇచ్చింది వేగం తగ్గించడం. గాలి అడ్డం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 65లో ఉన్నదానికి 80లో ఒకటిన్నర రెట్లు అవుతుంది. పికప్ ముందు భాగం నిట్టనిలువు గోడ, దానికి ఈ లెక్క బాగా తగులుతుంది. గూడూరు నుంచి చెన్నై శివారు రెడ్‌హిల్స్ సుమారు 120 కిలోమీటర్లు. 80లో గంటన్నర, 65లో ఇంకో ఇరవై నిమిషాలు. రాత్రి అరగంట ముందు బయలుదేరితే సరిపోయే దానికి లీటర్లు తగలేయడం నాకు నచ్చలేదు. బూదనం, సూళ్లూరుపేట టోల్ గేట్లు కనపడగానే కాలు తీసేస్తాను, గేరులోనే ఉంచుతాను. కామన్ రైల్ ఇంజన్లో, అంటే డీజిల్ ఎంత పంపాలో కంప్యూటరే చూసుకునే ఇంజన్లో, గేరు మీద ఉండి కాలు తీస్తే డీజిల్ పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్ చేస్తే ఐడిల్‌లో ఆడటానికి తాగుతూనే ఉంటుంది, పైగా ఇంజన్ పట్టు పోతుంది. పాత పంపు బండ్ల నాటి అలవాటు కొద్దీ న్యూట్రల్లో దించే డ్రైవర్లను చూస్తే నాకు టెన్షన్.

ట్యాంకులో పోసే సీసాలు, పైపుకు బిగించే అయస్కాంతాల జోలికి పోలేదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలాంటివి వందకు పైగా పరిశీలించినా మైలేజీని చెప్పుకోదగ్గంత పెంచేది దొరకలేదు.

పెద్ద టైర్లు అరిగాక కంపెనీ సైజుకే వచ్చాను. ఇప్పుడు పోను రాను కలిపి 11.8 దగ్గర నిలబడింది. పొదలకూరు, కోయంబేడు మధ్య పోను రాను దాదాపు 340 కిలోమీటర్లు, ఆ దూరానికి పాత లెక్క మీద ఎనిమిది లీటర్లకు పైనే మిగులుతోంది. రెడ్‌హిల్స్ దాటాక సిటీ ట్రాఫిక్‌లో మాత్రం చేయగలిగింది పెద్దగా లేదు. కోయంబేడు గేటు దగ్గర వరుస కదలకపోతే, టర్బో చల్లబడటానికి ఒక నిమిషం ఆగి ఇంజన్ ఆపేస్తాను. ఊరికే ఆడిస్తే గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా పోతుంది.